కొండ మీద కొండే ఉంది

మావయ్య పెద్దకర్మ భోజనాలయ్యాక పెరట్లో చెయ్యి కడుక్కుంటూ లచ్చిమి అంది: "అంతా మంచోడేనమ్మా. ఆ ఒక్కరోజు నిద్దరపోనాడు గానీ." కోపంగా అనలేదు. పప్పులో ఉప్పు కాస్త తగ్గిందన్నట్టు అంది. లచ్చిమి వాళ్లమ్మ పైడమ్మ నౌపడ ఉప్పు మడుల్లో పిడుగు పడి పోయింది. అప్పటికి లచ్చిమికి ఎనిమిదేళ్లుంటాయి. పక్కన కుర్చీలో కూర్చున్న అత్తయ్య "అవునే, ఆయన రాత అలాగున్నాది" అని నిట్టూర్చింది. చెంబుతో నీళ్లు పోస్తున్నదాన్ని నేనే. ఒక్క మాటంటే సరిపోయేది, ఆ రోజు ఆయన నిద్రపోలేదని. తేలు కుట్టిన దొంగలా అలా నీళ్లు పోస్తూనే ఉన్నాను. లచ్చిమే "సాల్లేమ్మా, సెయ్యి శుభ్రంగానే ఉన్నాది" అని నవ్వి వెళ్లిపోయింది.

నా ఉద్యోగ జీవితమంతా రాడార్లతో గడిచింది. తుపానులు, ఉరుములు, వడగళ్లు, పిడుగులు, వీటి మీద పరిశోధన. ఎవరికైనా చెబితే కళ్లింత చేసుకుంటారు, నేనేదో గాలివానలో గొడుగు లేకుండా పరిగెత్తినట్టు. అదేం లేదు. కిటికీలు మూసిన గదిలో, రాడార్ తెర అనే ఒక గుండ్రటి అద్దం ముందు కూర్చుని, దాని మీద తిరిగే పచ్చటి గీతని చూస్తూ నడుం నొప్పి తెచ్చుకోవడమే. ఆ అద్దంలో ఏది మబ్బో ఏది కాదో తేల్చడంలో నాకు పేరొచ్చింది. అబద్ధపు మబ్బుల్ని ఏరిపారెయ్యడం ఎలాగో నన్ను అడిగి తెలుసుకోవడానికి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చేవారు. ఆ విద్య నేను ఎవరి ఖర్చుతో నేర్చుకున్నానో ఏ సభలోనూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, అదీ ఆయన పోయాక. సిగ్గులేనితనం కాకపోతే ఏమిటిది!

మావయ్య అమ్మకి తమ్ముడు. మా నాన్నకి అరసవల్లి గుడి దారిలో కొబ్బరికాయలు, కర్పూరం, బెల్లం అమ్మే కొట్టుండేది. వేసవి సెలవులిస్తే నన్ను పాసింజరెక్కించి నౌపడ పంపేసేవారు. మావయ్య అక్కడ ఒక షావుకారు ఉప్పు మడులకి మేస్త్రీ. ఆ ఇంట్లో ఇనుమనేది నిలిచేది కాదు. కిటికీ ఊచలు, తలుపు గొళ్లేలు, అత్తయ్య అట్లకాడ, అన్నీ ఆ ఉప్పుగాలికి పొరలు పొరలుగా రాలిపోయేవి. ఆరేసిన లంగా తీస్తే అట్టలా నిలబడేది. తెల్లారేసరికి అత్తయ్య చద్దన్నంలో గడ్డపెరుగు కలిపి, పక్కన ఆవపెట్టిన పనసపొట్టు కూర వేసేది. ఆ ఆవఘాటూ, వీధిలోంచి వచ్చే బురదనీటి వాసనా, తడిసిన తాటాకుల వాసనా కలిసి నాకు ఇప్పటికీ వేసవంటే అదే. మావయ్య తినేది తక్కువ. గబగబా నాలుగు ముద్దలు మింగి, తుండుగుడ్డ తలకి చుట్టి బయల్దేరేవాడు. నేను వెనకాల పరుగు. మడి గట్టు మీద కూర్చుని నీళ్లలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేవాడు. "ఇది రేపటికి ఉప్పు కడతాది", "దీనికింకా మూడ్రోజులు" అనేవాడు. నేనూ ముంచి నాకేదాన్ని. నాకన్నీ ఒకే ఉప్పు.

ఆయన అసలు పని మధ్యాహ్నం ఉండేది. పనివాళ్లు మడుల్లో చెక్కపారలతో ఉప్పు లాగుతుంటే, మావయ్య గట్టు చివర రాతిమీద ఉత్తరానికి మొహం పెట్టి కూర్చునేవాడు. అటు మహేంద్రగిరి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో గాలివానలు ఆ కొండ మీదే పుట్టి, కిందికి దిగి, మడుల మీదుగా సముద్రంలోకి పోతాయి. కొండ మీద మబ్బు కమ్మితే గంట, గంటన్నర టైముంటుంది. ఆలోపు ఉప్పు కుప్పలకి తాటాకులు కప్పాలి, మనుషులు షెడ్డులోకి రావాలి. అంత మైదానంలో మనిషిని మించి ఎత్తైనది ఇంకేమీ ఉండదు. పిడుగుకి మనిషే దొరుకుతాడు. అందుకని గట్టు మీద రెండు గుంజల మధ్య రైలు పట్టా ముక్కొకటి వేలాడదీసి ఉండేది. మావయ్య మబ్బు చూసి సుత్తితో పట్టా కొట్టాడంటే ఎక్కడి పార అక్కడ పడేసి రావాల్సిందే. షావుకారైనా ఆ మాట దాటడు. "అన్నం తిన్నాక నీకు నిద్దర రాదా మావయ్యా?" అని అడిగానొకసారి. "ఉప్పు కాలంలో నాకు కునుకేటే? ఇందరి పేనాలు నా కళ్ల మీదున్నాయి కదా" అన్నాడు. అది గొప్పకి అన్నమాట కాదు. ఆరు వేసవులు ఆయన పక్కనే కూర్చున్నాను, ఒక్కనాడు రెప్ప వాలడం చూడలేదు.

నాకు మబ్బుల పిచ్చి ఆ రాతిమీదే పట్టింది. భౌతికశాస్త్రం చదివాను, విశాఖపట్నంలో సముద్రం పక్కన గుట్ట మీదున్న రాడార్ కేంద్రంలో చేరాను. అక్కడ నాకిచ్చిన మొదటి పని కొండలు గియ్యడం. రాడార్ పంపే కిరణం వాన మబ్బుకి తగిలినా తిరిగొస్తుంది, కొండకి తగిలినా తిరిగొస్తుంది. అద్దం మీద రెండూ ఒకేలాంటి వెలుగు మచ్చలే. కాబట్టి ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లో కనబడే మచ్చలన్నీ ఒక పారదర్శకపు కాగితం మీద గీసి పెట్టుకుంటే, అవి కొండలన్నమాట. రోజూ మబ్బుల పటం గీసేటప్పుడు వాటిని తీసెయ్యొచ్చు. మూడు నెలలు కష్టపడి గీశాను. ఎంత చక్కగా వచ్చిందనీ! ఈశాన్యాన చివర చింతపిక్కంత మచ్చ, అదే మా మహేంద్రగిరి. పై అధికారి చూసి "బాగుందమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటకి నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ పొగరుతోనే మావయ్యకి ఫోన్లు మొదలుపెట్టాను. ఆయన అడగలేదు. మా కేంద్రం నుంచి ఎవరికీ అలా సొంతంగా చెప్పకూడదు కూడా. ఉప్పు ఆఫీసులో ఫోనుండేది. మధ్యాహ్నం పటం గీశాక ట్రంకాల్ బుక్ చేసి, ఇవాళ వానుందో లేదో చెప్పేదాన్ని. మొదటి వేసవిలోనే నా అదృష్టం పండి, మిగతా మడుల వాళ్లంతా వానకి దొరికిపోయిన రోజున మావయ్య ముందే తాటాకులు కప్పించాడు. ఇహ చూస్కోండి, నౌపడ స్టేషన్లో దిగినవాడికల్లా అదే కథ. "మా ఆదిలక్ష్మి మిషన్లో సూసి సెప్పినాది, మబ్బు పుట్టకముందే సెప్పినాది!" రెండో వేసవిలో ఇంకోటి జరిగింది. కొండ మీద మబ్బు చూసి మావయ్య రెండుసార్లు పట్టా కొట్టాడు, రెండుసార్లూ మబ్బు అక్కడే విడిపోయింది. చుక్క పడలేదు. పని పాడైందని షావుకారు నలుగురిలో చివాట్లేశాడు. ఆ రెండుసార్లూ వాన రాదని నేను చెప్పే ఉన్నాను. "ఇంక కళ్లు కాయలు కాసేలా ఆ కొండకేసి చూడకు మావయ్యా, నేనున్నాను కదా" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నాలిక కోసుకోవాలనిపిస్తుంది.

పైడమ్మ పోయిన రోజు మధ్యాహ్నం అద్దం మీద మహేంద్రగిరి మచ్చ కాస్త లావుగా కనబడింది. కనబడలేదని అబద్ధం చెప్పను. నా కాగితం మీద చింతపిక్కంత ఉండాల్సింది రేగుపండంత ఉంది. గాజు మీద రాసే గ్రీజు పెన్సిలుతో దాని చుట్టూ గీత కూడా గీశాను. అది కొండో, కొండ మీద కూర్చున్న మబ్బో తేల్చుకోవడానికి పెద్ద శాస్త్రమేం అక్కర్లేదు. పైకప్పు మీద తిరిగే రాడార్ పళ్లాన్ని మీట తిప్పి కాస్త పైకెత్తి చూస్తే చాలు. కొండైతే కిరణం దాని పైనుంచి పోయి మచ్చ మాయమవుతుంది, అంతకంటే ఎత్తుండే మబ్బైతే ఉండిపోతుంది. మీటకి చెయ్యి చాపాను. అప్పుడే బుక్ చేసిన నౌపడ కాల్ కలిసింది. ఫోన్ మోగుతోంది. గీసిన గీతని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేసి, ఫోనెత్తి "ఆకాశం శుభ్రంగా ఉంది మావయ్యా" అన్నాను. ఆయన "కొండ మీదేటీ లేదేటే, ఆదీ?" అన్నాడు. ఆ గొంతులో అనుమానం వినబడింది. నాకు రోషం వచ్చింది. నేను మూడు నెలలు గీసిన కొండ అది. "కొండ మీద కొండే ఉంది మావయ్యా" అని నవ్వాను. ఆయనా నవ్వాడు. పెట్టేశాం.

మళ్లీ అద్దం దగ్గరికి వెళ్లి పళ్లెం ఎత్తి చూశానా? లేదు. టీ తాగడానికి వెళ్లాను. గంట తర్వాత వచ్చి చూస్తే, నేను కొండ అన్నది కొండ దిగి నౌపడ దగ్గర ఉంది. ఉప్పు ఆఫీసుకి కాల్ కలవలేదు. గాలికి తీగలు తెగిపోయాయట. మర్నాడు తెలిసింది. వాన కంటే ముందే పిడుగు పడింది. మడిలో చీలమండల్లోతు నీళ్లలో ముగ్గురు ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ముగ్గురూ పడ్డారు. ఇద్దరు లేచారు. పైడమ్మ లేవలేదు.

మూడో రోజుకి నౌపడ వెళ్లాను, అంతా చెప్పేద్దామనే. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. నేను దిగేసరికి ఉప్పు ఆఫీసు ముందు జనం. పైడమ్మ మొగుడు నేలమీద కూర్చుని ఉన్నాడు. షావుకారు మావయ్యని నిలదీస్తున్నాడు, పట్టా ఎందుకు కొట్టలేదని. మావయ్య నన్ను చూశాడు. చూసి, చూడనట్టు తలతిప్పుకుని, "కునుకు పట్టీసినాది బాబూ. మబ్బు సూడలేదు. తప్పు నాదే" అన్నాడు. నా గురించి, ఫోన్ గురించి ఒక్క ముక్క లేదు. నా రోజువారీ ఫోన్ల సంగతి షావుకారుకి తెలుసు, కానీ ఆ రోజు నేను చేయలేదని మావయ్య ముందే చెప్పేశాడట. జనం వెనకాల నిలబడి ఉన్నాను నేను.

సాయంత్రం స్టేషన్‌కి దిగబెట్టడానికి వచ్చాడు. ప్లాట్‌ఫాం మీద ఎవరూ లేని చోటికి నడిచాక అన్నాడు: "మబ్బు నాకు కనబడినాదే. నల్లగా, కొండంతా కప్పీసి. పట్టా కొడదామని లేసినాను. సుత్తి కూడా అందుకున్నాను. కొండే అన్నావు కదా నువ్వు. నా కళ్లకేటి తెలుసు, సదూకున్న పిల్ల మిషన్లో సూసి సెప్పినాది కదాని మళ్లీ కూకున్నాను." నేను ఏడ్చేశాను. వెళ్లి చెప్పేస్తానన్నాను. "నోర్ముయ్యి" అన్నాడు, జీవితంలో మొదటిసారి. "నీది కొత్త ఉద్యోగం. పైగా ఆడపిల్లవి. ఈ మాట బయటికొస్తే రేపు నీ మాట ఎవడింటాడు? నాను నిద్దరపోనానంటే నాలుగు రోజులు తిడతారు, ఊరుకుంటారు. ఎక్కు, బండొచ్చినాది." నేను ఎక్కాను. ఆయన తోశాడని చెప్పుకుంటే ఎంత హాయిగా ఉంటుంది! తొయ్యలేదు. నా కాళ్లతో నేనే ఎక్కాను.

నాలుగు రోజుల్లో ఊరుకోలేదు ఊరు. షావుకారు ఆయన్ని గట్టు మీంచి తీసేసి షెడ్డులో బస్తాలు కుట్టించే పనిలో పెట్టాడు. వీధిలో ఆయన ఎదురైతే "మేస్త్రీ, మెలకువగానే ఉన్నావేటి?" అనేవారట కుర్రాళ్లు. ఇదంతా అత్తయ్య ఉత్తరాల్లో రాసేది. నేను ఇక్కడ ఏం చేశానంటే, అద్దాన్ని గంటగంటకీ ఫోటో తీసే మా కెమెరాలోంచి ఆ రోజు పటాన్ని బయటికి తీసి దాని మీద పరిశోధన రాశాను. కొండ మచ్చ వెనక మబ్బు ఎలా దాక్కుంటుందో, పళ్లెం ఎత్తి ఎలా విడదియ్యాలో. అందులో ఒక వాక్యముంది, 'పరిశీలకుడు పొరబడటం జరిగింది' అని. ఎవరా పరిశీలకుడు? ఎవరో! మనిషి చచ్చిపోయిన సంగతి అందులో ఎక్కడా లేదు. ఆ వ్యాసంతోనే నాకు పేరొచ్చింది, పెద్ద పదవొచ్చింది, ఆ పద్ధతి చాలాచోట్ల వాడుకలోకి వచ్చింది. దానివల్ల ఎందరో బతికి ఉంటారని నాకు నేను లెక్చర్లు ఇచ్చుకునేదాన్ని. బతికినవాళ్లెవరూ నా కలలోకి రాలేదు, పైడమ్మ ఒక్కర్తే వచ్చేది, అదీ ఏమీ అనకుండా.

ఒకసారి శ్రీకాకుళంలో నాకు సన్మానం చేశారు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. తెర మీద నేను ఆ పటమే చూపించి మాట్లాడాను. చప్పట్లు కొట్టాడు. బయటికొచ్చాక మెల్లిగా అడిగాడు: "ఆ బొమ్మ ఆ రోజుదేనేటే?" అవునన్నాను. కాసేపు తలూపాడు. "మంచి పని సేసినావు. ఇంకెవరూ మనలాగ మోసపోకుండా సూడు" అన్నాడు. మనలాగ అన్నాడు. నన్నూ ఆయన్నీ ఒకే గాటన కట్టేసి, సగం బరువు మళ్లీ తన నెత్తినే వేసుకున్నాడు. అప్పుడైనా ఊరికి పద, చెప్పేద్దాం అనలేకపోయాను. మెడలో దండ ఉంది, పక్కన పెద్దలున్నారు. చెప్పని మాటకి వయసొచ్చేకొద్దీ బరువు పెరుగుతుంది. కొత్తలో ఉద్యోగం పోతుందని భయం, తర్వాత పరువు పోతుందని భయం, ఆ తర్వాత ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారని భయం.

పెద్దకర్మ మర్నాడు పొద్దున్నే లచ్చిమి పనిచేసే మడుల మీదికి వెళ్లాను. పట్టా లేదు, గుంజలూ లేవు. ఇప్పుడు ఎవరూ కొండకేసి చూడరు. లచ్చిమి నడుముకి దోపుకున్న ఫోన్లోనే రంగురంగుల రాడార్ బొమ్మ వస్తుంది, పిడుగు పడబోతే అదే కూస్తుంది. మేం పూటంతా కూర్చుని గీసేది చిటికెలో వచ్చేస్తోంది. అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా అని మెచ్చుకోవడానికి వెళ్లలేదు నేను. "లచ్చిమీ, ఆ రోజు మావయ్య నిద్రపోలేదు" అన్నాను. తర్వాత అంతా చెప్పాను, టీ సంగతితో సహా. చెక్కపార మీద గెడ్డం ఆనించుకుని వింది.

"ఆ మిషను ఎత్తి సూడ్డానికి ఎంతసేపు పడతాది?" అంది.

"ఒక నిమిషం."

"నిమిషం" అని తనలో తాను అనుకుంది. "మా నాన్న బతికినన్నాళ్లూ మీ మావయ్యని వాకిట్లోకి రానీలేదు. ఏటా అమ్మ పోన రోజుకి ఇన్ని బియ్యం అట్టుకొచ్చి వీధిలో నిలబడీవోడు. నానెల్లి తీసుకునీదాన్ని. మొకం సూసీదాన్ని కాను" అంది. క్షమించమన్నాను. చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. "నన్నడిగితే ఏటొస్తాది? నాతో రా. ఆయన నిద్దరపోనాడని సెప్పుకున్న ఇళ్లన్నీ నాకు తెలుసు."

తిప్పింది. మొదటి ఇంట్లో ముసలాయనకి చెవుడు. "గట్టిగా సెప్పమ్మా, ఇనబడదు" అన్నాడు. వీధంతా వినేలా అరిచి చెప్పాల్సి వచ్చింది, తప్పు నాదని. పక్కిళ్ల వాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. ఇంకో ఇంట్లో "ఇప్పుడెందుకమ్మా ఇయ్యన్నీ, పోనోళ్లు పోనారు" అన్నారు. ఇంకో చోట టీ ఇచ్చారు, గ్లాసు అరుగు మీదే పెట్టేసి వచ్చాను. ఎవరైనా దులిపేస్తే బాగుండునని చూశాను. ఒక్కరూ తిట్టలేదు. మధ్యాహ్నానికి మావయ్య వాళ్ల వీధి మలుపు దాకా వచ్చి లచ్చిమి ఆగిపోయింది. "ఈ ఇంటికి నాను రాను. మీ అత్తకి నువ్వే సెప్పుకో" అంది.

అత్తయ్య అరుగు మీద కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. పక్కన కూర్చుని మొదలుపెట్టాను. ఆవిడ వేళ్లు రాళ్లు ఏరుతూనే ఉన్నాయి. సుత్తి అందుకుని మళ్లీ కూర్చున్నాడన్న దగ్గర ఆగిపోయాయి. "లేసినాడా? కొడదామని లేసినాడా?" అని రెండుసార్లు అడిగింది. లేచాడన్నాను. నా మొహంకేసి చూడలేదు. చేట పక్కన పెట్టి అంది:

"వానాకాలం ఉప్పు పనుండదు కదే. మజ్జాన్నం అన్నం తిని గోడవార సాప పరుసుకునీవోడు. నానెల్లి లాగీసీదాన్ని. ఒకపాలి నిద్దరపోయి సేసింది సాలదేటి, ఏ మొకం ఎట్టుకుని పడుకుంతావని. మారు మాటాడీవోడు కాదు. లేసి కూకునీవోడు. ఏ ఏడూ పడుకోనీలేదు. మొన్న ఆసుపత్రి నుంచి తెచ్చినాక, జొరంలో కాస్త కునుకు పట్టినాది. అప్పుడూ భుజం అట్టుకు కుదిపి లేపీసినానే, ఆదీ."